ఎన్ని? ఎంత? – భిన్నముల భాగహారమునకు ఇంటి మాటలు

భిన్నముతో భాగించుట అనగానే మన పిల్లలలో పెక్కుమందికి జ్ఞప్తికి వచ్చునది ఒక్క సూత్రమే: భాజకమును తలక్రిందులు చేసి గుణింపుము. సూత్రము తప్పు కాదు. దానివలన జవాబు వచ్చును. పరీక్షలో మార్కులును వచ్చును. కాని, ఏల తలక్రిందులు చేయవలెనని అడిగినచో బిడ్డ నోరు మెదపదు. ఆరును అరతో భాగించినచో పండ్రెండు వచ్చుటేమి, భాగించిన సంఖ్య తగ్గక పెరుగుటేమి అని అడిగినచో, పక్కనున్న తండ్రియు నోరు మెదపడు. అర్థము తెలియక చేసిన లెక్క చేతిపని యగును గాని చదువు కాజాలదు. ఈ మౌనమును పోగొట్టు ఉపాయము మన ఇండ్లలోనే, మన మాటలలోనే కలదని చెప్పుటకై ఈ వారము ఈ పుటను వినియోగించుకొనుచున్నాము.

గణితము సంఘ పత్రికకు తగిన విషయమా యని కొందరు పాఠకులు శంకింపవచ్చును. తగినదేయని మా అభిప్రాయము. బళ్ళారి, కోలారులలోని మన పిల్లలు కన్నడములోనో ఆంగ్లములోనో లెక్కలు నేర్చుకొనుచున్నారు. హోసూరు, మధురలలో తమిళమో ఆంగ్లమో. బరంపురము, రాయగడలలో ఒడియాయో ఆంగ్లమో. షోలాపురములో మరాఠీయో ఆంగ్లమో బడి భాష యగుచున్నది. యానాములో వీధి భాష తెలుగే అయినను పెక్కు ఇండ్ల పిల్లలు ఆంగ్ల మాధ్యమముననే చదువుచున్నారు. మనము తరతరములుగా నివసించుచున్న సీమల భాషలు మనకు పరాయివి కావు; వానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. మా విచారము వేరొకటి. కష్టమైన ప్రతి విషయమును పరభాషలోనే ఆలోచించి, తెలుగును అన్నము పెట్టుమనుటకును అల్లరి మానుమనుటకును మాత్రమే వాడుచున్న బిడ్డ, కొంత కాలమునకు తన ఇంటి భాష ఆలోచనకు పనికిరాదని నిశ్చయించుకొనును. ఆ నిశ్చయము ఒకసారి కుదిరినచో, ఉగాది సభలును ఉపన్యాసములును దానిని కదలింపజాలవు.

1956లో ఏడవ సవరణచే మన రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును చెప్పుచున్నది. ఆ సౌకర్యములకై విన్నపములు చేయుట మనము మానరాదు. కాని భిన్నముల భాగహారము సాధారణముగా ఎదురగునది ఆరు, ఏడు తరగతులలో; అనగా ఆ అధికరణము చెప్పిన దశ దాటిన పిమ్మట. కావున ఈ ఒక్క విషయమున బడిని గాని ప్రభుత్వమును గాని ఎదురుచూచుచు కూర్చుండుట వృథా. పని ఇంటిలో జరుగవలెను.

ఇక విషయమునకు వత్తము. భాగహారమునకు రెండు అర్థములు కలవు. ఇరువది మామిడిపండ్లను ఒక్కొక్క బుట్టకు అయిదు చొప్పున సర్దినచో ఎన్ని బుట్టలు కావలెను? ఇది ఒకటి. ఇరువది పండ్లను అయిదు బుట్టలలో సమముగా సర్దినచో ఒక్కొక్క బుట్టకు ఎంత వచ్చును? ఇది రెండవది. జవాబు రెండింటను నాలుగే; ప్రశ్నలు మాత్రము వేరు. మొదటిది కొలత, రెండవది పంపకము. పూర్ణసంఖ్యలలో ఈ భేదమును మరచినను లెక్క సాగిపోవును. భిన్నములలో మరచినచో సాగదు. ఎట్లనగా, 'అర మందికి పంచుట' అను మాటకు బిడ్డ మనస్సులో ఏ బొమ్మయు కట్టదు. బొమ్మ కట్టని చోట సూత్రమే శరణ్యమగుచున్నది.

మన భాషలో ఈ రెండు అర్థములకును రెండు ప్రశ్నపదములు సిద్ధముగా నున్నవి. లెక్కించు దానికి 'ఎన్ని'. కొలుచు దానికి 'ఎంత'. కన్నడములో 'ఎష్టు' అనునదియు, మరాఠీలో 'కితీ' అనునదియు రెండు చోట్లను నడచును. తెలుగులో అట్లు కాదు. ఎన్ని బియ్యము అని మూడేండ్ల పిల్లయు అనదు. ఆ పిల్లకు తెలిసిన ఈ భేదమునే పండ్రెండేండ్ల వయసున లెక్కకు వినియోగింపుడని మా మనవి. లెక్క వినగానే ఇది 'ఎన్ని' లెక్కయా, 'ఎంత' లెక్కయా అని అడిగించుడు. సగము దారి అక్కడనే తరుగును.

మొదట 'ఎన్ని' లెక్కను చూతము. ఇంటిలో మూడు మానికల బియ్యమున్నవి. పూటకు ముప్పావు మానిక వండుదురు. ఎన్ని పూటలకు వచ్చును? బడి భాషలో ఇది 3 ÷ ¾. మన అవ్వలు దీనిని కాగితము లేకయే చేసెడివారు. మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు. కనుక మానికకు నాలుగు సోలలు. మూడు మానికలనగా పండ్రెండు సోలలు. ముప్పావు మానిక యనగా మూడు సోలలు. పండ్రెండులో మూడు ఎన్నిసార్లు? నాలుగు. నాలుగు పూటలు. ఇందు తలక్రిందులు చేసినదేమియు లేదు. పెద్ద కొలతను విడిచి రెండింటికిని సరిపడు చిన్న కొలతను పట్టుకొనుటయే జరిగినది. బడి పుస్తకములో దీనికి సమాన హారములకు మార్చుట అని పేరు. వంటింటిలో దాని పేరు సోల.

ఇప్పుడు సూత్రము ఎక్కడనుండి వచ్చినదో చూడుడు. ఒక్క మానిక ఎన్ని పూటలకు వచ్చును? అందు నాలుగు సోలలు, పూటకు మూడు. ఒక పూట గడచి ఒక సోల మిగులును. ఆ సోల రాబోవు పూటలో మూడవ వంతు. అనగా మానికకు ఒకటియు మూడవ వంతును, అదియే 4/3 పూటలు. మానికకు అన్ని పూటలైనచో మూడు మానికలకు దానికి మూడింతలు: 3 × 4/3, అనగా 4. ¾ తలక్రిందులై 4/3 అగుట మంత్రము కాదు. పూటకు ఎంత మానిక యన్నది ¾. మానికకు ఎన్ని పూటలన్నది 4/3. ఒకే సంబంధమును ఆ వైపునుండి చూచుటకు బదులు ఈ వైపునుండి చూచితిమి. అంతే.

భాగించినచో సంఖ్య ఏల పెరిగెనను శంకయు ఇక్కడనే తీరును. కుండలోని నీటిని బిందెతో తోడినచో కొద్దిసార్లు, గ్లాసుతో తోడినచో పెక్కుసార్లు ముంచవలెను. కొలపాత్ర చిన్నదైన కొలది సార్లు పెరుగును. నీరు పెరుగలేదు, లెక్కించినది సార్లను. భాగించినచో తగ్గుననునది పూర్ణసంఖ్యల నాటి అలవాటే గాని నియమము కాదు. ఒకటికంటె తక్కువదానితో భాగించినచో పెరుగును; ఒకటికంటె ఎక్కువదానితో భాగించినచో తగ్గును. షోలాపురములోని మన నేతవారి ఇంట 33 మీటర్ల తానును అయిదున్నర మీటర్ల చీరలుగా కోయునప్పుడు, అర మీటరులుగా చూచినచో అరువది యారులో పదునొకండు ఆరుసార్లు, ఆరు చీరలు. హోసూరు పూల అంగడిలో తొమ్మిది మూరల మల్లెదండను మూరన్నర చొప్పున తెంపినచో, అర మూరలుగా చూడగా పదునెనిమిదిలో మూడు ఆరుసార్లు, ఆరుగురికి వచ్చును. ఈ రెండింటను భాజకము ఒకటికంటె పెద్దది, జవాబు చిన్నదైనది. బిడ్డ ఈ మూడు లెక్కలను పక్కపక్కన పెట్టి చూచినచో నియమమును తానే చెప్పగలదు.

ఇక 'ఎంత' లెక్క. ముప్పావు కిలో చింతపండునకు 150 రూపాయలు ఇచ్చితిమి, కిలో ఎంత? ఇదియు ¾తో భాగించుటయే: 150 ÷ ¾. మూడు పావుల ధర 150 అయినచో ఒక పావు ధర 50. కిలోలో పావులు నాలుగు గనుక 200. మొదట మూడుతో భాగించితిమి, పిదప నాలుగుతో గుణించితిమి. తలక్రిందులు చేసి గుణించుట యనగా ఇదియే, 4/3తో గుణించుట. అంగడిలో దీనిని మనమందరము నిత్యము చేయుచున్నాము. చేయుచున్నది భిన్నముతో భాగహారమని మాత్రము మనకెవ్వరును చెప్పలేదు. 'అర మందికి పంచుట' యను అర్థములేని మాటకు బదులుగా, 'ఇంత భాగమునకు ఇంతయైనచో మొత్తమునకు ఎంత' అని అడిగినచో పంపకపు భాగహారము భిన్నములలోను సుఖముగా నిలుచును.

ఈ లెక్కలోనే ఒక పొరపాటు తరచుగా కనబడును. భిన్నము కనబడగానే గుణించి, 150లో ముప్పావు వంతు తీసి, కిలో 112 రూపాయల 50 పైసలని వ్రాయు పిల్లలు కలరు. గుణకారము సరిగానే చేసిరి, లెక్క తప్పినది. ముప్పావు కిలోయే 150 అయినప్పుడు కిలో అంతకు తక్కువ ఎట్లగును? ఇంటిలో ఈ ప్రశ్న వేయు నాయనమ్మ యున్నచో తప్పు నిలువదు. చేతిలోని ఫోను ఎంత పెద్ద లెక్కనైనను క్షణములో చేయును. కాని గుణింపవలెనో భాగింపవలెనో నిశ్చయింపవలసినది మనమే. నిశ్చయమునకు అర్థము కావలెను. అర్థము మాటలలోనుండి రావలెను.

మిగులు వచ్చు లెక్కలలో మరియొక చిక్కు కలదు. ఒకటి ముప్పావు మీటరు గుడ్డ యున్నది. ఒక్కొక్క సంచికి అర మీటరు పట్టును. ఎన్ని సంచులు? పావులుగా చూడగా ఏడింటిలో రెండు మూడుసార్లు పోయి ఒక పావు మిగులును. సూత్రము చెప్పు జవాబు మూడున్నర. బిడ్డ చేతిలో మిగిలిన గుడ్డ పావు మీటరు. అర యెక్కడ, పావు యెక్కడ? ఇక్కడ తడబడని పిల్లలు అరుదు. జవాబులోని అర గుడ్డకు సంబంధించినది కాదు, సంచికి సంబంధించినది. మిగిలిన పావు మీటరు, సంచికి కావలసిన అర మీటరులో సగము. కనుక మూడు సంచులును, అర సంచికి సరిపడు గుడ్డయు. జవాబు పక్కన 'సంచులు' అను మాటను వ్రాసినచో చిక్కు విడిపోవును. ఉత్త అంకెను వ్రాసినచో విడిపోదు.

ఈ 1¾ ÷ ½ అను లెక్క ప్రపంచ ప్రసిద్ధి పొందినది. 1999లో లిపింగ్ మా అను విదుషి ప్రకటించిన గ్రంథములో, అమెరికాలోను చైనాలోను ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు ఈ లెక్కనిచ్చి, జవాబు కట్టుటయే గాక దీనికి తగిన కథా సమస్యను కల్పింపుమని కోరిన వృత్తాంతము కలదు. అమెరికాకు చెందిన 23 మందిలో అర్థము సరిపోవు సమస్యను కల్పించినవారు ఒక్కరే. చైనాకు చెందిన 72 మందియు సరియైన జవాబు కట్టిరి. వారిలో పదింట తొమ్మిది వంతులమంది సరియైన సమస్యను కల్పించిరి. తప్పిన వారిలో పెక్కుమంది అరతో భాగించుటకు బదులు రెండుతో భాగించు కథలు చెప్పిరి. అనగా సగము చేసిరి. అరతో భాగించుట వేరు, సగము చేయుట వేరు. గురువులకే ఈ తికమక కలిగినప్పుడు పిల్లలను నిందించుట న్యాయము కాదు. సూత్రము వచ్చుట ఒక విద్య, సమస్యను కట్టగలుగుట మరియొక విద్య యని ఈ వృత్తాంతము చాటుచున్నది. రెండవదియే గట్టి విద్యయని మేము తలచుచున్నాము.

ఇంకొక విధమైన లెక్కను గూడ విడువరాదు. ఒక పాకము అరిసెలకు ముప్పావు కిలో బెల్లము కావలెను. ఇంటిలో అరకిలోయే యున్నది. ఎంత పాకము పట్టవచ్చును? ½ ÷ ¾. రెండు పావులున్నవి, మూడు పావులు కావలెను. కనుక మూడింట రెండు వంతుల పాకము. ఇక్కడ భాజకము భాజ్యముకంటె పెద్దది. ఒక్కసారియు పూర్తిగా పోదు. 'పోదు' అని బిడ్డ ఊరకుండును. ఎన్నిసార్లు అని కాక, దానిలో ఎన్నవ వంతు అని అడిగినచో జవాబు వెంటనే వచ్చును. పండుగనాడు ఇల్లాలు పిండిని ఎంత తగ్గించి కలపవలెనో ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఈ లెక్కలన్నింటను పనిచేసిన మాటలను గమనింపుడు. అర, పావు, ముప్పావు, ఒకటింబావు, రెండున్నర, తలా, చొప్పున, రెండేసి, అరేసి. 'చొప్పున' అను ఒక్క మాట వినబడినచో భాజకము ఎక్కడనున్నదో తెలిసిపోవును. రెండున్నర యనగా రెండును అరయు అని మాటలోనే విడమరచి యున్నది. మరాఠీలో రెండున్నరకు 'అడీచ్' అనియు ఒకటిన్నరకు 'దీడ్' అనియు వేరు వేరు పదములను కంఠస్థము చేయవలెను, ఒడియాలోను అట్లే. వానికి వాని సొగసు కలదు, కాదనము. అయినను మన మాట బిడ్డకు లెక్కను విప్పి చూపుచున్నదని గుర్తింపవలెను.

ఇరుగుపొరుగు భాషలతో ఈ మాటలకు చుట్టరికమును కలదు. పాత తెలుగులోని కాలు, అర, ముక్కాలు అనునవియే తమిళములో కాల్, అరై, ముక్కాల్. కన్నడములోను కాలు, ముక్కాలు. మన పావునకు మరాఠీ 'పావ్' తోడు. కావున ఇంట తెలుగులో భిన్నములు నేర్చిన బిడ్డ బడిలో తికమకపడునను భయమునకు ఆధారము లేదు. పావు అను భావము కుదిరిన బిడ్డకు దాని పేరు నాలుగు భాషలలో చెప్పుట నాలుగు నిమిషముల పని. భావము కుదరని బిడ్డకు ఏ భాషలోని పేరును అక్కరకు రాదు.

తెలుగువారికి భిన్నగణితము క్రొత్త కాదు. పదునారవ వంతునకు వీసము అను పేరు మనకు కలదు. నాలుగవ వంతులకును, వాని నాలుగవ వంతులకును పూర్వము మన లిపిలో ప్రత్యేక చిహ్నములే యుండెడివి. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో ఆ తెలుగు భిన్నాంకములకును, తూము గుర్తునకును స్థానము లభించినది. భాజకమును తలక్రిందులు చేసి గుణించు సూత్రమును 628లో బ్రహ్మగుప్తుడు చెప్పెను. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని ప్రస్తుతించిన మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో తన గణితసారసంగ్రహమున దానిని మరల చెప్పి, నిత్యజీవితమునకు సంబంధించిన సమస్యలను పెక్కింటిని కట్టెను. ఆ సంస్కృత గ్రంథమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగున మనకు దక్కిన తొలి శాస్త్రగ్రంథములలో అది యొకటి. మల్లన మూలమును ఉన్నదున్నట్లు దింపక, ఉదాహరణములను తన పాఠకుల సంప్రదాయమునకు తగినట్లు మార్చుకొన్నాడని పండితులు చూపియున్నారు. సూత్రము ఎల్లవారిది, సమస్య మాత్రము వినువాని ఇంటిదై యుండవలెనను రహస్యము ఆయన ఎరుగును. కన్నడ సీమతో ముడిపడిన గ్రంథము తెలుగువారి ఇంట అడుగిడిన ఈ చరిత్ర, సరిహద్దులకు ఈవల నున్న మనకు ప్రత్యేకముగా స్మరణీయము.

మరి ఇంతటి సొత్తు ఏల మరుగుపడెను? కారణము స్పష్టము. భిన్నములు చేతినుండి జారిపోయినవి. 1957 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము రూపాయికి పదునారు అణాలు. బేడ, పావలా, అర్ధరూపాయి, ముప్పావలా అని లెక్కించునప్పుడెల్ల భిన్నములు నాలుకపై ఆడెడివి. దశాంశ నాణెములు వచ్చినవి. 1958 మొదలు మెట్రిక్ తూనికలు వచ్చినవి. అవి సుఖమైనవే, మరలింపవలెనని ఎవ్వరును కోరరు. 2011లో పావలా నాణెము చెల్లుబాటును పోయినది. నేటి పొట్లముపై 250 గ్రాములని యుండును గాని పావు కిలో యని యుండదు. కనుక ఒకనాడు అప్రయత్నముగా అబ్బిన జ్ఞానమును నేడు ప్రయత్నించి అందింపవలసి యున్నది. సోలలును మానికలును లేని ఇంట గ్లాసుతోను లీటరు పాత్రతోను ఇదే పని సాగును. కావలసినది పాత పాత్ర కాదు, పాత ప్రశ్న.

సూత్రమును నిరసింపుమని మేము చెప్పుట లేదు. వేగమునకు సూత్రము కావలసినదే. పెద్ద తరగతులలో అది లేక గడవదు. మా వాదము క్రమమును గూర్చినది. ముందు సమస్య, పిదప బొమ్మ, పిదప కొలత మార్పు, తుదకు సూత్రము. నేడు జరుగుచున్నది దీనికి విపరీతము: ముందు సూత్రము, పిదప అభ్యాసము, పుట చివర రెండు సమస్యలు, అవియు పరీక్షకు రావని విడిచిపెట్టుట. ఇట్టి చదువువలన బిడ్డ నిష్పత్తులలో, వడ్డీ లెక్కలలో, బీజగణితములో వరుసగా కాలు జారును. నాకు లెక్కలు రావు అను మాట పుట్టుచోటులలో ఇది యొకటి.

కావున మన కుటుంబములకు కొన్ని సూచనలు చేయుచున్నాము. మొదటిది: లెక్క చేతికి అందు వస్తువుతో కట్టుడు, బియ్యము, నూనె, గుడ్డ, పూలు, నడచిన దూరము. రెండవది: మొదట సమముగా తెగు సంఖ్యలను, కుదిరిన పిదప మిగులు వచ్చు సంఖ్యలను ఇయ్యుడు. మూడవది: లెక్క చేయుటకు ముందే జవాబు ఇచ్చిన సంఖ్యకంటె పెద్దదగునా చిన్నదగునా అని చెప్పించుడు. నాల్గవది: జవాబును పూర్తి వాక్యముగా తెలుగులో చెప్పించి, పిదప బడి భాషలో చెప్పించుడు. అయిదవది, అన్నింటికంటె ముఖ్యమైనది: లెక్కను బిడ్డచేతనే కట్టించుడు. 2½ ÷ ¼ అని వ్రాసి యిచ్చి, దీనికి ఒక 'ఎన్ని' లెక్కను ఒక 'ఎంత' లెక్కను చెప్పుమనుడు. రెండున్నర కిలోల కారమును పావు కిలో పొట్లములు కట్టినచో ఎన్ని పొట్లములని ఒక బిడ్డ అనవచ్చును. పావు ఎకరమునకు రెండున్నర బండ్ల ఎరువు పట్టినచో ఎకరమునకు ఎంత అని మరియొక బిడ్డ అనవచ్చును. జవాబు రెండింటను పదియే. ఈ రెండును చెప్పగలిగిన బిడ్డకు భిన్నముల భాగహారము వచ్చినట్లే. తలక్రిందుల సూత్రమును ఆ దినమే నేర్పవచ్చును.

అక్షరము రాని అవ్వలను ఈ పనికి అనర్హులని తలపవలదు. పాలు పోసి, వడ్లు కొలిచి, చీటీలు కట్టి సంసారములు నడపిన వారు వారు. వారి ప్రశ్నయు, బడికి పోవు మనుమరాలి కాగితమును ఒక చోట కలిసినచో ఇద్దరికిని లాభమే. మనుమరాలికి అర్థము దొరకును. తాను చేయుచు వచ్చినది గణితమేయని అవ్వకు తెలియును. ఆ తెలివిడికి ఉన్న విలువ మార్కులకు అందునది కాదు.

సంఘ శాఖలకును ఒక మనవి. గ్రంథాలయపు గదియో దేవాలయపు మండపమో ఉన్న ప్రతి చోటను ఆదివారమున ఒక గంట ఇట్టి లెక్కలకు కేటాయింపుడు. ఉపాధ్యాయులు, అంగడివారు, దర్జీలు, వంట తెలిసిన తల్లులు తలా ఒక సమస్యను తీసికొని రావచ్చును. నల్లబల్ల ఒకటి చాలును, ద్రవ్యముతో పనిలేదు. పిల్లలు కట్టిన లెక్కలను మాకు పంపినచో వారమునకొకటి చొప్పున ఈ పత్రికలో సంతోషముతో ప్రకటింతుము. మంచి లెక్కకు గుర్తు ఒక్కటే: చదువగానే ఎన్నియో ఎంతయో తెలియవలెను.

భాషను కాపాడుకొనుట యనగా పాటలను పద్యములను కాపాడుకొనుట మాత్రమే యని మనలో పలువురి భావన. అవి కావలసినవే. కాని భాష బ్రతుకునది ఆలోచనలో. తెలుగులో ఒక చిక్కు లెక్కను విప్పి, అందలి కారణమును తెలుగులో మరియొకరికి చెప్పగలిగిన బిడ్డకు ఈ భాష ఏల నేర్వవలెనని ఎవ్వరును వేరుగా బోధింపనక్కరలేదు. రానున్న ఆదివారమున ప్రతి ఇంటను ఒక 'ఎన్ని' లెక్క, ఒక 'ఎంత' లెక్క వినబడవలెనని మా ఆకాంక్ష.